ఆ గడిలో ఎవరి జీతం రాయాలి?

కాలేజీ ఆఫీసులో స్కాలర్‌షిప్ దరఖాస్తులు తీసుకునే సీటులో చాలా ఏళ్లు పనిచేశాను. పద్దెనిమిది దాటిన పిల్లల చదువుకు డబ్బు ఎవరు పెట్టాలి, కన్నవాళ్లా ప్రభుత్వమా అని ఎవరైనా వాదనకు దిగితే నాకు వెంటనే గుర్తొచ్చేది ఆ ఫారం రెండో పేజీలోని ఒక గడి. 'తల్లిదండ్రుల వార్షిక ఆదాయం' అని ఉంటుంది. కింద వాళ్ల సంతకానికి ఖాళీ.

ఆ వయసుకి ఓటు వచ్చేస్తుంది. అప్పు పత్రం మీద సంతకం పెడితే చెల్లుతుంది. నేరం చేస్తే పెద్దల జైలుకే పంపుతారు. అన్నిటికీ పెద్దవాడైన మనిషి ఈ ఫారం ముందుకొచ్చేసరికి మళ్లీ ఒకరి పిల్లాడైపోతాడు. చాలామందికి దీంతో పేచీ ఉండదు. అమ్మో నాన్నో సంతకం పెట్టేస్తారు, పని అయిపోతుంది. చిక్కంతా మిగతావాళ్లకే.

ఒకబ్బాయి వచ్చేవాడు. తల్లిదండ్రులు విడిగా ఉంటున్నారు, విడాకులు మాత్రం తీసుకోలేదు. తండ్రికి మంచి ఉద్యోగం. కాగితాల ప్రకారం ఒకటే కుటుంబం కాబట్టి తండ్రి జీతం కూడా చూపించాలన్నది రూలు. ఆయనేమో సంతకం పెట్టనన్నాడు. పెడితే ఫీజు తన నెత్తిన పడుతుందని అనుమానం. అబ్బాయి ఆ గడి ఖాళీగా వదిలేసి ఫారం తెచ్చాడు. తీసుకోవడానికి లేదని చెప్పాను. "మేడమ్, ఆయన జీతం ఎంతో కూడా నాకు తెలీదు. అందులోంచి నాకు పైసా రాదు. కానీ ఆ జీతం ఉందని నాకు సాయం రాదంటారు. ఎలా?" అన్నాడు. గొంతు పెంచలేదు, లెక్కల మాస్టారిని డౌటు అడిగినట్టు అడిగాడు. పైవాళ్లకు నోట్ పెట్టాను. రూలు రూలే అని తిరిగొచ్చింది. కుర్రాడు రెంటికీ చెడ్డ రేవడి అయ్యాడు.

అందుకే ఎవరు పెట్టాలన్నది నా దృష్టిలో రెండో ప్రశ్న. దానికి ముందు ఇంకోటి తేలాలి. తల్లిదండ్రులు పెడతారులే అని ప్రభుత్వం లెక్కేసుకుంటే, వాళ్లు పెట్టనప్పుడు ఏం చేయాలి?

అమెరికాలో కేంద్ర ప్రభుత్వ సాయానికి 'ఫాఫ్సా' అనే ఫారం నింపాలి. డిగ్రీ చదివే పిల్లలు 24 ఏళ్లు వచ్చేదాకా మామూలుగా తల్లిదండ్రుల వివరాలు ఇచ్చి తీరాలి. పెళ్లైనా, పోషించాల్సిన సొంత బిడ్డ ఉన్నా, సైన్యంలో పనిచేసినా, అనాథలైనా మినహాయింపు ఉంది. 'మా నాన్న డబ్బివ్వనంటున్నాడు' అంటే మాత్రం కుదరదు. అలాగని ఆ నాన్న చేత ఇప్పించే బాధ్యతా ఎవరూ తీసుకోరు. తల్లిదండ్రులు వివరాలు కూడా ఇవ్వనంటే, ఆ పిల్లలకు కేంద్రం నుంచి వచ్చేది మొదటి రోజు నుంచే వడ్డీ పెరిగే లోను ఒక్కటే. చేతిలో లేని డబ్బుకు కలిగినవాళ్ల కింద జమ!

జర్మనీవాళ్లు దీన్ని వేరేగా ఆలోచించారు. అక్కడ మొదటి చదువు పూర్తై ఒక వృత్తికి తయారయ్యేదాకా, పద్దెనిమిది దాటినా సరే, పిల్లల్ని పోషించడం తల్లిదండ్రుల చట్టపరమైన బాధ్యత. వాళ్లకు స్తోమత లేకపోతే 1971లో వచ్చిన 'బాఫెగ్' చట్టం కింద ప్రభుత్వం ఇస్తుంది. మరి స్తోమత ఉండీ ఇవ్వకపోతే? చదువు ఆగిపోయేలా ఉందని విద్యార్థి దరఖాస్తు పెట్టుకుంటే ఆఫీసే ముందు డబ్బిస్తుంది. తర్వాత తల్లిదండ్రుల దగ్గర వసూలు చేసుకునే హక్కు ప్రభుత్వానికి వస్తుంది. నాన్న మీద నువ్వే కేసు వేసుకో అని పంతొమ్మిదేళ్ల పిల్లను కోర్టుకు తోలాల్సిన పని లేదు. పిల్ల పరీక్షలు రాసుకుంటుంది, నోటీసుల సంగతి ఆఫీసు చూసుకుంటుంది. వెంటపడి వసూలు చేసే ఓపికా, లాయర్లూ ఉన్నది ప్రభుత్వానికే కదా. ఈ నిబంధన మొదటిసారి చదివినప్పుడు ఆ అబ్బాయి గుర్తొచ్చి ఒళ్లు మండింది. ఇదేం బ్రహ్మవిద్య కాదు, ఒక పేరా రాస్తే సరిపోయేది.

వయసు హద్దులు చూస్తే ఇంకా తమాషాగా ఉంటుంది. అమెరికాలో 24 అన్నానా, ఇంగ్లండ్‌లో విద్యార్థి ఖర్చుల లోను లెక్కకట్టేటప్పుడు 25 దాటితే కన్నవాళ్ల ఆదాయం చూడరు. ఆస్ట్రేలియాలో యువతకిచ్చే భృతికి 22 చాలు. మనిషి ఎప్పుడు పెద్దవాడవుతాడో ఖజానాలో డబ్బుని బట్టి తేలుస్తున్నారన్నమాట.

స్వీడన్ అసలు ఆ గడినే కొట్టేసింది. పై చదువులకు కొంత ఉచితంగా, కొంత లోనుగా ఇస్తారు, కన్నవాళ్ల సంపాదన అడగరు. డెన్మార్క్‌లో కూడా ఇల్లు వదిలి విడిగా ఉంటూ యూనివర్సిటీలో చదివేవాళ్లకు అంతే. కోటీశ్వరుడి కూతురికి ప్రభుత్వ సొమ్మేంటి అని మా సెక్షన్‌లోనే నాతో వాదించేవాళ్లు. ఈ అభ్యంతరం నాకు అంత గట్టిగా అనిపించదు. కోటీశ్వరుడి దగ్గర పన్ను రూపంలో తీసుకోవచ్చు. అతనికీ కూతురికీ మాటలున్నాయా లేవా అన్నదాంతో అప్పుడు పనే లేదు.

నన్ను నిజంగా ఇరుకున పెట్టే మాట ఇంకోటి ఉంది. పద్దెనిమిదికే పనిలో చేరిన కుర్రాడు, రేపు తనకంటే ఎన్నో రెట్లు సంపాదించబోయే డాక్టరు గారి గది అద్దె కోసం ఇవాళ ఎందుకు పన్ను కట్టాలి? దీనికి 'సమాజానికి మంచిది' అని చెప్పి తప్పించుకోలేం. ఆ కుర్రాడూ సమాజమే. కాబట్టి మొత్తం ఉచితంగా ఇవ్వాలని నేను అనను. జర్మనీలో ఆ బాఫెగ్‌నే మొదట పూర్తిగా ఉచితంగా ఇచ్చి, 1983లో పూర్తి అప్పుగా మార్చి, 1990లో సగం ఉచితం, సగం వడ్డీ లేని అప్పు అన్నచోటికి వచ్చారు. ఆ అప్పులో తిరిగి కట్టాల్సింది కూడా 10,010 యూరోలకు మించదు. ఆస్ట్రేలియా 1989 నుంచి ఫీజుల విషయంలో ఇంకో పద్ధతి పెట్టింది. చదువుకునేటప్పుడు కట్టనక్కర్లేదు, ఆదాయం ఒక గీత దాటాక పన్నుతో పాటు కొంత కొంత వసూలు చేస్తారు. ఈ రెండూ కలిపితే నాకు సరిపోతుంది. బతకడానికి సగం ఉచితం, సగం వడ్డీ లేని అప్పు. సంపాదన వచ్చాకే వసూలు. కన్నవాళ్లు పైన ఏదైనా ఇస్తే అది వాళ్ల ప్రేమ, వాళ్ల ఓపిక.

ప్రేమ అన్నాను కానీ, ఆ డబ్బుకీ షరతులుంటాయి. ఆ సీటులో ఉండగా చూశాను. బొమ్మలు వేసే పిల్లలు అకౌంట్స్ చదవడం, కోర్సు మారాలని ఫారం తీసుకెళ్లి తండ్రి సంతకం దగ్గర ఆగిపోవడం. ప్రభుత్వమూ షరతులు పెడుతుంది, కాదనను. పాసవ్వాలి, హాజరుండాలి, గడువులోగా ముగించాలి. కానీ ఎవరితో తిరుగుతున్నావు, ఆదివారం ఫోనెందుకు ఎత్తలేదు అని అడగదు.

ఇదంతా చెప్పే నేను కూడా మా అమ్మాయికి నెలనెలా డబ్బు పంపేదాన్నే. అది వేరే ఊళ్లో చదువుతోంది. నేనెప్పుడూ లెక్క అడగలేదు. అయినా నెలాఖరుకి పుస్తకాలకింత, బస్సుకింత, గదికింత అని మెసేజ్ పెడుతుంది. లైబ్రరీలో పార్ట్ టైం చేసి తెచ్చుకున్న డబ్బు గురించి మాత్రం ఒక్క ముక్క చెప్పదు. దేనికి ఖర్చు పెట్టిందో ఇప్పటికీ నాకు తెలీదు. మొదట్లో కాస్త చివుక్కుమంది. తర్వాత ఆలోచిస్తే, అది నాకు చెప్పాల్సిన అవసరమేముంది అనిపించింది.

మొన్న ఫోన్ చేసి, "అమ్మా, వచ్చే ఏడాది నుంచి గది అద్దెకి నా పేరు మీద లోను తీసుకుంటాను, నువ్వు ఫీజు ఒక్కటే చూసుకో" అంది. నేనున్నాను కదే, ఊరికే వడ్డీ కట్టడం దేనికి అన్నాను. కాసేపు వాదించుకున్నాం. చివరికి, వడ్డీ ఏ రోజు నుంచి మొదలవుతుందో, ఉద్యోగం రాకముందే వాయిదాలు కట్టమంటారేమో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోమన్నాను. అక్కడి కౌంటర్‌లో ఆవిడ సోమవారం రమ్మందట.