తొక్కుడు ఆర్గన్

నిన్న క్వయర్ ప్రాక్టీస్ మధ్యలో కరెంటు పోయింది. కీబోర్డు మూగబోయింది. మూలన దుప్పటి కప్పి ఉన్న పాత ఆర్గన్ ముందుకు లాగి, కాళ్లతో తొక్కి గాలి కొడుతూ వాయించాను. ఒక మెట్టు నొక్కితే మళ్లీ లేవదు, వేలితో పైకి లేపాలి. ఎడమ పెడల్ కిర్రుమంటుంది. అయినా ఆ గాలిలో ఏదో ఉంది. మా ఆల్టో అక్కలు, అంటే ఆడవాళ్లలో కింది స్వరాలు పాడేవాళ్లు కూడా శ్రుతిలో పాడారు (ఇది చదివితే నన్ను చంపేస్తారు).

ఇంటికొచ్చాక జర్మన్ సంగీతకర్త బాఖ్ గుర్తొచ్చాడు. 1705లో ఆర్న్‌స్టాట్ అనే ఊరి చర్చిలో ఆర్గనిస్టు, వయసు ఇరవై. అప్పట్లో పేరున్న ఆర్గనిస్టు బుక్స్‌టెహూడా వాయింపు వినాలని నాలుగు వారాల సెలవు అడిగి, ఆయన ఉండే ల్యూబెక్ ఊరి దాకా సుమారు 400 కిలోమీటర్లు నడిచి వెళ్లాడు. తిరిగొచ్చింది దాదాపు నాలుగు నెలలకి! సంఘ పెద్దలు నిలదీశారు. పైగా కీర్తనల్లో వింత స్వరాలు కలిపి జనాన్ని తికమక పెడుతున్నావని చివాట్లు. తర్వాత 1723 నుంచి 1750లో చనిపోయేదాకా లైప్‌జిగ్ నగరంలోనే. అక్కడ మొదటి కొన్నేళ్లు దాదాపు వారానికో కాంటాటా (చర్చిలో వాద్యాలతో పాడే పాటల వరుస), ఆ పాటలు నేర్పాల్సింది స్కూలు పిల్లలకి.

నేను చెల్లి పెళ్లికని రెండు ఆదివారాలు మానేస్తేనే మా కమిటీ మొహం మాడ్చుకుంది.

శనివారం ప్రాక్టీస్‌కి కనీసం ఇద్దరు టెనార్లయినా (మగవాళ్లలో పై స్వరాలు పాడేవాళ్లు) రండి బాబూ. ఆ మెట్టుకి స్ప్రింగు నేను వెతుకుతా.