విశాఖ పాత పరిశ్రమల ఫొటోలు: పని ఎంతవరకు వచ్చిందంటే

ఫొటోలు తీయాలని మొదట రాసుకున్న చోట్ల జాబితాలో సగం కొట్టేశాను. పోర్టు, షిప్‌యార్డు, రిఫైనరీ అన్నిటికీ ఎత్తు గోడలే, గేటు దగ్గర భద్రతా సిబ్బందే. అక్కడ కెమెరా తీసి టెన్షన్ పడే బదులు, నలుగురూ తిరిగే చోటు నుంచి కనిపించిందే తీస్తున్నాను. నేవీ ఓడ ఫ్రేములోకి వస్తే ఆ ఫొటో వద్దనుకోవడమే.

అలా చూస్తే విశాఖ పాత ఊరు వన్‌టౌన్‌కి మించింది లేదు. చర్చి ఉన్న రాస్ హిల్, దర్గా కొండ, వెంకటేశ్వరస్వామి కొండ పక్కపక్కనే ఉంటాయి. కింద ఓడలొచ్చే కాలువ, అవతల డాల్ఫిన్స్ నోస్ కొండ. 1933లో మొదలైన ఈ పోర్టు కోసం, అలల దెబ్బ కాచుకోవడానికి ఆ కాలువ ముఖద్వారం దగ్గర రెండు పాత ఓడలను ముంచారు. ఆ కథ మాత్రం ఏ లెన్సుకీ దొరకట్లేదు, నీళ్లూ రాళ్లూ తప్ప. పొద్దున్నయితే ఎండ వెనక నుంచి పడి ఇన్నర్ హార్బర్ క్రేన్ల రంగులు తేలతాయి. సాయంత్రం ఎదురెండ, క్రేన్లు నల్లగీతల్లా వస్తాయి. నా ఓటు సాయంత్రానికే. 70-200 ఎంఎం జూమ్ లెన్సు సరిపోతోంది.

తగరపువలస పక్కన చిట్టివలస జూట్ మిల్లు వేరే లోకం. ఒకప్పుడు ఈ చుట్టుపక్కల గోగునార ‘బిమ్లీ జూట్’ పేరుతో భీమిలి రేవు నుంచి ఓడలెక్కేది. మిల్లు 2009లో మూతపడింది. బయటి రోడ్డు మీద నుంచే తీశాను. పక్క టీకొట్టులో ఒక పెద్దాయన “ఏటి తీత్తన్నావు బాబూ, అంతా పడిపోనాది కదా” అని, ఏ షెడ్డులో ఏ పని జరిగేదో రోడ్డు మీద నుంచే వేలుపెట్టి చూపించాడు. అవన్నీ ఫోన్లో రికార్డు చేసుకున్నాను, ఆయన్ని అడిగే. నిజం చెప్పాలంటే ఆ రోజు ఫొటోలకన్నా ఆ రికార్డింగే విలువైనది.

సామాను సంగతి: ఉప్పుగాలికి ఫిల్టరు జిడ్డెక్కుతుంది, ఇంటికి రాగానే తుడవాలి. ఏసీ గదిలోంచి తెచ్చిన కెమెరాను బయట వెంటనే తీస్తే లెన్సుకి ఆవిరి పట్టేస్తుంది, కాసేపు బ్యాగులోనే ఉంచండి. సిలికా జెల్ పొట్లాలు తప్పనిసరి. డ్రోన్ ఊసే వద్దు.

తర్వాత ఫిషింగ్ హార్బర్. తెల్లవారుజామున బోట్లలోకి ఐసు ఎక్కించే పని తీయాలి, తక్కువ వెలుతురులోనూ పనికొచ్చే 35 ఎంఎం ఎఫ్1.8 లెన్సుతో. మసక వెలుతురులో ఐఎస్ఓ (కెమెరా వెలుతురును పట్టే సెట్టింగు) 3200 దాకా పోకతప్పదేమో.