50 దగ్గర రెండూ ఒకటే: జేబు కెమెరా కోసం మూడు నెలల లెక్క

సెప్టెంబరు చివరి వారం

ఫోన్ ఉండగా మళ్లీ కెమెరా ఎందుకని ఇంట్లో అడిగితే నేను మాటలతో జవాబు చెప్పలేదు, ప్రింటు చూపించాను. బెంగళూరు కేఆర్ మార్కెట్లో తెల్లవారుజామున ఫోన్‌తో తీసిన చామంతి రాశి. ఫోన్ స్క్రీన్ మీద బ్రహ్మాండంగా ఉంది. 12 బై 8 అంగుళాల ప్రింటు వేయిస్తే రేకులన్నీ కలిసిపోయి పసుపు ముద్దలా వచ్చింది. మా ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "జేబులో పట్టేదైతేనే కొను, ఇంకో సంచి మొయ్యడం నా వల్ల కాదు" అంది. షరతు న్యాయమైనదే. మా బావమరిది కొన్న పెద్ద కెమెరా రెండేళ్లుగా బీరువాలో పట్టుచీరల పక్కన పడుకుని ఉంది.

జేబులో పట్టాలి, చీకట్లో తీసినా ప్రింటుకు పనికిరావాలి. ఈ రెండూ పెట్టుకుని వెతికితే నా దగ్గర మిగిలిన పేర్లు రెండు: సోనీ ఆర్ఎక్స్100 మార్క్ 3, రికో జీఆర్ 3. మొదటిది 2014లో వచ్చింది, రెండోది 2019లో. ఏదైనా సెకండ్‌హ్యాండ్‌లోనే కొనాలని ముందే అనుకున్నాను. బెంగళూరులో రెండు మూడు చోట్ల అడిగితే సోనీ 31 వేలకు, రికో 72 వేలకు దొరికేలా ఉన్నాయి. మధ్యలో ఉన్న 41 వేలకు నాకు అదనంగా వచ్చేదేమిటి? దాని కోసమే ఈ లాగ్.

కాగితం మీద తేడాలు ఇవి. సోనీలో 20 మెగాపిక్సెళ్ల సెన్సర్ (ఫొటోను పట్టే చిప్), దాన్ని 1 అంగుళం అంటారు. కొలిస్తే మాత్రం 13.2 × 8.8 మిల్లీమీటర్లే. పాతకాలం వీడియో ట్యూబుల లెక్క నుంచి ఆ పేరు అలా మిగిలిపోయింది. లెన్సు పాత ఫిల్మ్ కెమెరాల లెక్కలో 24 నుంచి 70 మిల్లీమీటర్ల దాకా జూమ్ అవుతుంది. అంకె పెరిగేకొద్దీ దూరంలోది దగ్గరగా కనిపిస్తుంది. కన్ను ఆనించి చూసే, పైకి లేచే చిన్న వ్యూఫైండర్ ఉంది, ఫ్లాష్ ఉంది, స్క్రీన్ మడత తిరుగుతుంది. బరువు 290 గ్రాములు. రికోలో ఇవేవీ లేవు. జూమ్ లేదు, ఫ్లాష్ లేదు, వ్యూఫైండర్ లేదు, స్క్రీన్ కదలదు. ఉన్నదల్లా అదే లెక్కలో 28 మిల్లీమీటర్ల ఎఫ్2.8 లెన్సు (ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే లెన్సు రంధ్రం, అంటే ఎపర్చరు, అంత పెద్దది, వెలుతురు అంత ఎక్కువ), దాని వెనక 23.5 × 15.6 మిల్లీమీటర్ల 24 మెగాపిక్సెళ్ల సెన్సర్. వైశాల్యంలో సోనీకి మూడింతలు. బరువు 257 గ్రాములే. చదివినంతసేపూ నా మనసు రికో వైపే మొగ్గింది, దాచడం దేనికి.

అక్టోబరు, రెండు ఆదివారాలు

ఆఫీసులో ఒకాయన దగ్గర సోనీ మార్క్ 3 ఉంటే అడిగి తెచ్చుకున్నాను. బనశంకరి నుంచి మెట్రో ఇంకా మొదలవని వేళలో స్కూటర్ మీద మార్కెట్‌కు. అక్కడ అందరూ తీసే ఫొటో ఒకటుంది: పైఅంతస్తు నుంచి కిందికి వంగి, పూల గంపల మధ్య మనుషులు చీమల్లా. అదొకటి తీసుకుని కిందికి దిగాను. అసలు పని కింద ఉంది.

మొదటి ఆదివారం సగం ఫొటోలు పాడయ్యాయి. తప్పు కెమెరాది కాదు. పూల కొట్ల మీద వేలాడే చవక ఎల్ఈడీ బల్బులు కంటికి తెలియకుండా మినుకుతుంటాయి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి సెకనుకు 100 సార్లు. చేతులు కదులుతున్నాయి కదా అని నేను షట్టర్ 1/500 (సెకనులో 500వ వంతు) పెట్టాను. ఒక ఫ్రేము వెలుగులో పడింది, పక్క ఫ్రేము మసక పట్టింది. 1/100కి దించాక ప్రతి ఫ్రేములో ఒక పూర్తి మినుకు పడి సర్దుకుంది. కావేరి మీది శివనసముద్రం జలవిద్యుత్ కేంద్రం నుంచి కరెంటు 1905లో ఈ ఊరికి వచ్చినప్పుడు వీధి దీపాలు చూడ్డానికి జనం పోగయ్యారట. ఇప్పుడు నేను అదే ఊళ్లో బల్బు మినుకును లెక్కపెడుతూ నిలబడ్డాను.

రెండో ఆదివారం బాగా గడిచింది. మార్క్ 3లో లెన్సు చుట్టూ ఉండే రింగుకు స్టెప్ జూమ్ పెట్టుకోవచ్చు. తిప్పితే 24, 28, 35, 50, 70 దగ్గర మాత్రమే ఆగుతుంది. నాలాంటి లెక్కల పిచ్చివాడికి ఇది వరం, ఏ దూరానికి ఎన్ని తీశానో తర్వాత చూసుకోవచ్చు. స్క్రీన్ కిందికి వంచి కెమెరాను తలపైకి ఎత్తితే గంపలోకి నిలువునా కనిపిస్తుంది.

చిరాకు పెట్టినవీ ఉన్నాయి. ఆన్ చేశాక లెన్సు బయటికొచ్చేలోపు దండ కట్టేవాళ్లు ముడి వేయడం అయిపోతుంది. పైగా ఎఫ్1.8 అని ముందు రాసి ఉన్నది 24 దగ్గర మాట. కొంచెం జూమ్ చేయగానే ఎఫ్2.8కి పడిపోతుంది. ఒళ్లంతా నున్నగా ఉండి చెమట చేతికి జారుతుంది కూడా.

నవంబరు మొదటి వారం

రికోను మూడు రోజులు అద్దెకు తీసుకున్నాను. డిపాజిట్ కట్టేటప్పుడు చిన్న టెన్షన్, అంతే.

చేతికి తీసుకున్న గంటలోనే దీనికి ఇంత పేరు ఎందుకో అర్థమైంది. జేబులోంచి తీసి బటన్ నొక్కే సరికి తయారు. స్నాప్ ఫోకస్ అని ఒకటుంది: ముందే 2 మీటర్లు అని పెట్టుకుంటే, షట్టర్‌ను సగంలో ఆపకుండా ఒక్కసారిగా నొక్కినప్పుడు ఫోకస్ కోసం వెతక్కుండా ఆ దూరానికే తీసేస్తుంది. ఎఫ్8 దగ్గరైతే సుమారు మీటరు నుంచి చివరిదాకా అంతా స్పష్టమే. పగటిపూట చిక్‌పేట సందుల్లో దీనికి ఎదురు లేదు. తెల్లవారుజామున మార్కెట్లో ఎఫ్8కి వెలుతురు ఎక్కడిది? ఎఫ్2.8కి తెరవాల్సిందే, తెరిస్తే స్పష్టంగా వచ్చే దూరం తగ్గిపోయి స్నాప్‌లో గురి తప్పుతుంది.

28లో తీసిన ఫొటోల సంగతి వేరే చెప్పాలి. నల్లటి మూలల్లో కూడా గోనెసంచి నేత కనిపిస్తోంది. సోనీ అక్కడ మట్టిరంగు ముద్ద చేస్తుంది. కబ్బన్ పార్కులో మాత్రం మిట్టమధ్యాహ్నం ఎండకు స్క్రీన్ మీద నా మొహమే కనిపించింది, హైకోర్టు ఎర్ర భవనం కాదు. వ్యూఫైండర్ లేని లోటు అక్కడ తెలిసింది. బ్యాటరీ కంపెనీ లెక్కలో 200 ఫొటోలు, సోనీకి 320. రికో తీసుకునేవాళ్లు రెండో బ్యాటరీ ధర కూడా కలిపి చూసుకోవాలి. ఛార్జింగ్ ఫోన్ టైప్-సీ కేబుల్‌తో అయిపోతుంది, సోనీకి పాత మైక్రో యూఎస్‌బీ వెతుక్కోవాలి.

అసలు చిక్కు కెమెరాలో లేదు, నాలో ఉంది. 28తో ఒక మనిషి చేతులు ఫ్రేము నిండా రావాలంటే అర మీటరు దూరంలోకి వెళ్లాలి. మార్కెట్లో దారి వెడల్పే రెండు మీటర్లు, అందులో బస్తాలు మోసేవాళ్లు అరుస్తూ వస్తుంటారు. కనకాంబరాలు కట్టే ఒక అమ్మ దగ్గర వంగి తీస్తుంటే ఆమె తల ఎత్తకుండానే, "యాపారం టైములో ఇట్ల మీదికొచ్చి నిలబడితే ఎట్ల నాయనా? ఆడ్నుంచే తీసుకో" అంది. మాట వినగానే మన వైపే అని తెలిసింది. ఆమెది మడకశిర దగ్గర పల్లె, నాది హిందూపురం. మాట కలిసింది, రెండు మూరలు కొన్నాను, కానీ ఆమె చెప్పింది నిజమే. నా వెనక బేరానికి వచ్చినవాళ్లు ఇద్దరు ఆగిపోయి ఉన్నారు.

దగ్గరికి వెళ్లి తీయడమే ధైర్యమని చాలామంది చెబుతారు. అమ్ముకునేవాళ్ల గంప ముందు నిలబడే ధైర్యం నాకు అక్కర్లేదనిపించింది.

కార్తీకం, ఆఖరి సోమవారం

బసవనగుడిలో కడలెకాయి పరిషె. పండిన శెనక్కాయలు ముందు బసవన్నకు ఇచ్చే జాతర. పంట మేసిపోతున్న ఎద్దును శాంతింపజేయడానికి గుడి కట్టారని కథ. రికోను ఒక్కరోజుకు మళ్లీ అద్దెకు తెచ్చి, సోనీని మళ్లీ అడిగి, రెండూ చెరో జేబులో వేసుకుని బుల్ టెంపుల్ రోడ్డు మీద పడ్డాను. జనం తోపులాటలో నేను నడవలేదు, నన్ను నడిపించారు.

ఇక్కడ సోనీ ఫ్లాష్ పనికొచ్చింది. పైకి లేచిన ఫ్లాష్‌ను చూపుడువేలుతో వెనక్కి వంచి పట్టుకుంటే వెలుగు నేరుగా మొహం మీద కొట్టదు, పైన కట్టిన తెల్ల టార్పాలిన్‌కు తగిలి మెత్తగా దిగుతుంది. వేలు తీస్తే మామూలే. సెట్టింగుల్లో ఎక్కడా లేని ఈ చిట్కాతో శెనక్కాయల రాశి ముందు కూర్చున్న పిల్లాడి ఫొటో వచ్చింది.

పనిలో పనిగా ఒక పరీక్ష. ఒకే రాశి, ఒకే బల్బు. రెండింట్లోనూ ఎఫ్2.8, 1/100, ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) 3200. సోనీలో 50 దగ్గర ఆగాను. రికోలో 50 క్రాప్ పెట్టాను, అంటే 28 ఫొటో నడిమి ముక్కను మాత్రమే కత్తిరించి ఇస్తుంది.

నవంబరు చివర, రెండు రాత్రులు

కంప్యూటర్ ముందు కూర్చుని లెక్క తీశాను. సోనీతో తీసినవాటిలో నాకు నచ్చి పక్కన పెట్టుకున్నవి 36. వాటిలో 24, 28 దగ్గర తీసినవి 9, 35 దగ్గర 5, 50 దగ్గర 12, 70 దగ్గర 10. రికోతో తీసిన వాటిలో నచ్చినవి 21. పూర్తి 28లో 8, 35 క్రాప్‌లో 4, 50 క్రాప్‌లో 9. జూమ్ లేని కెమెరా ఇచ్చినా నేను చేసిన పని కత్తిరించడమే.

ఆ రాత్రి కాలిక్యులేటర్ పక్కన పెట్టుకుని వేసిన లెక్క ఇది. రికో సెన్సర్ వైశాల్యం సుమారు 366 చదరపు మిల్లీమీటర్లు. 28ని 50 చేయాలంటే పొడవు, వెడల్పు రెండూ 0.56 వంతుకు తగ్గాలి. మిగిలేది 115 చదరపు మిల్లీమీటర్లు. సోనీ సెన్సర్ మొత్తం 116. ఎపర్చరు రెండింటికీ ఎఫ్2.8. అంటే నేను ఎక్కువగా ఫొటోలు తీసే దూరంలో ఆ పెద్ద సెన్సర్ పెద్దది కాదు, అచ్చంగా సోనీ అంతే. పైగా అక్కడ రికో ఇచ్చేది ఏడున్నర మెగాపిక్సెళ్లు, సోనీవి 20. 70 దాకా కత్తిరిస్తే 4 మెగాపిక్సెళ్లు కూడా రావు.

మరో చివర కూడా చూడాలి కదా. 24 దగ్గర సోనీ ఎఫ్1.8, రికో 28 దగ్గర ఎఫ్2.8. మూడింతల సెన్సర్ లాభంలో చాలా భాగం అక్కడ ఎపర్చరు తినేస్తుంది. మిగిలే తేడా స్టాపులో మూడో వంతు (ఒక స్టాపు అంటే వెలుతురు రెండింతలు). రికో స్పష్టంగా గెలిచేది ఆ మధ్యలోనే. 35 దగ్గర ఒక స్టాపు దాకా ముందుంటుంది. 28, 35లలో ఎక్కువగా తీసేవాళ్లు కళ్లు మూసుకుని రికో కొనుక్కోవచ్చు. నా 36లో ఆ రకం సగం కూడా లేవు.

కాగితం మీది లెక్కను కాగితం మీదే చూడాలని పరిషె ఫొటోలు రెండూ 12 బై 8 వేయించాను. వెనక గుర్తు పెట్టి మా ఆవిడ చేతికిచ్చాను. రెండింటినీ చేయి చాపినంత దూరంలో పట్టుకుని, "ఒకే ఫొటో రెండు కాపీలు ఎందుకు వేయించావు?" అంది. మరీ కళ్లకు ఆనించి చూస్తే సోనీలో కాయల మీద గీతలు కొంచెం ఎక్కువ. అంతకన్నా తేడా లేదు.

డిసెంబరు

కొనడానికి వెళ్లేటప్పుడు తెల్ల కాగితం ఒకటి, నా మెమరీ కార్డు ఒకటి జేబులో పెట్టుకున్నాను. లెన్సు లోపలికి బయటికి తిరిగే కెమెరా ఏదైనా ప్రతిసారీ కొంత గాలి పీలుస్తుంది, గాలితో జేబులోని నూగు కూడా. అది సెన్సర్ మీద చేరితే పైనుంచి తుడిచే వీలు లేదు, విప్పించాల్సిందే. చూడటం సులువు: ఎపర్చరును చివరిదాకా మూసి, సోనీ అయితే ఎఫ్11, రికో అయితే ఎఫ్16, తెల్ల కాగితాన్ని ఫోకస్ తప్పించి తీయాలి. చుక్కలుంటే బూడిదరంగులో బయటపడతాయి. షాపతను చూపించిన మూడు పీసుల్లో ఒకదానిలో నాలుగు చుక్కలు కనిపించాయి. "ఫొటోలో కనపడవు సార్" అన్నాడు. కనపడింది ఫొటోలోనే కదా అన్నాను.

మిగిలినవి గబగబా చూశాను. జూమ్ చివరిదాకా రెండుసార్లు పోనిచ్చి గరగర శబ్దం వస్తోందా అని విన్నాను. వ్యూఫైండర్‌ను లేపి దించాను. మార్క్ 3లో దాన్ని లేపాక కంటి వైపు లాగాలి, చాలామంది ఆ మాట తెలియక మసకగా ఉందనుకుంటారు. ఫ్లాష్, బ్యాటరీ ఉబ్బు, స్క్రీన్ మడత. బేరమాడి 29,500కు మార్క్ 3 తెచ్చుకున్నాను. వెనక పట్టుకు అతికించే చిన్న గ్రిప్పు, మణికట్టు తాడు, రెండో బ్యాటరీ తర్వాత కొన్నాను.

రికోను తిరిగి ఇచ్చేసిన రోజు గుర్తొస్తే ఇప్పటికీ కొంచెం బాధే. ఆ వేగం దీనికి లేదు. దానికి నేను చేసుకున్న ఏర్పాటు: మార్కెట్లో అడుగు పెట్టగానే ఆన్ చేసి, అలాగే చేతిలో ఉంచుకోవడం. అందుకే రెండో బ్యాటరీ.

పోయిన ఆదివారం మడకశిర అమ్మకు ప్రింటు తీసుకెళ్లి ఇచ్చాను. 70 దగ్గర, దారికి అవతల నుంచి, ఎవరికీ అడ్డం రాకుండా తీసింది. కనకాంబరాల మధ్య ఆమె వేళ్లు, నోటితో పట్టుకున్న దారం కొస. నేను తీసిన వాటిలో నాకు బాగా నచ్చింది అదే. ఆమె కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసింది. పక్క గంపావిడకు చూపించింది.

"చేతులు బాగున్నాయి గానీ, మొగం యాడ పెట్టినావు నాయనా?"

కొంగు సర్దుకుని, ముక్కుపుడక సరిచేసుకుని, మూర కట్టడం ఆపేసి నిటారుగా కూర్చుంది. "ఇట్ల దగ్గరికి రా, ఇప్పుడు తీయి." బేరానికి వచ్చినాయన్ని కూడా ఆగమంది. నేను రింగు తిప్పి 35కి వచ్చాను.