వాపు మాత్ర

రాత్రి పదకొండున్నర అయింది. నాన్న దిండు కింద దొరికిన మాత్రల అట్ట నా బల్ల మీదే ఉంది. పదింటిలో నాలుగు ఖాళీ. పాదాలకు నీరు దిగిందని చెబితే, మందుల షాపు కుర్రవాడు చీటీ అయినా అడగకుండా "వాపు మాత్ర" అంటూ డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్ర చేతిలో పెట్టాడట. ఆ మందు ఒంట్లో ఉప్పునూ నీటినీ ఇంకా నిలబెడుతుందని, నాన్నకున్నట్టు పంపింగ్ తగ్గిన గుండెకు అది చేటని అతనికి తెలియదనుకుందాం. మూడేళ్ళుగా మాత్రల డబ్బా తానే సర్దుకునే నాన్నకు తెలియదా? అడిగితే, "గుండెలోనూ వాపేనని డాక్టరుగారే అన్నారు కదమ్మా, ఒక్క మాత్రతో రెండూ తగ్గుతాయనుకున్నాను" అన్నారు. నీరు చేరినా వాపే, తెల్లకణాలు మూగినా వాపే అనే మన మాట మీద కూడా కోపం వచ్చింది.

నా ఎనిమిదో ఏట కాల్లో తుమ్మముల్లు విరిగి, మూడో రోజుకు చీము పట్టింది. కరెంటు లేని ఆ రాత్రి నాన్న లాంతరు మంట మీద పిన్నీసు కాల్చి, నేను ఏడుస్తుంటే, "చీమే నయం, ముల్లు ఎక్కడుందో చూపించింది" అన్నారు. 1882లో ఇటలీలోని మెస్సీనాలో జీవశాస్త్రవేత్త మెచ్నికోవ్ నక్షత్రచేప పిల్లలో గులాబీ ముల్లు గుచ్చి, మర్నాటికి దాని చుట్టూ మూగిన కణాలను చూశాడని చదివినప్పుడల్లా నాకు ఆ పిన్నీసే గుర్తొస్తుంది.

గుండెపోటు తరువాత జరిగేదీ దాదాపు అదే. గంటల్లో న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు వస్తాయి. వెనకే ఎముక మజ్జ నుంచి, ప్లీహం నుంచి మోనోసైట్లనే మరో రకం తెల్లకణాలు వచ్చి, మాక్రోఫేజ్‌లు అనే తిండిపోతు కణాలుగా మారి, చచ్చిన కండను తిని, మచ్చ కట్టడానికి తోడ్పడతాయి. పెళ్ళయిపోయినా పందిరి విప్పనట్టు ఆ కణాలు అక్కడే ఉండిపోతేనే చిక్కు: గుండె గోడ సాగుతుంది, నార కణజాలం పేరుకుంటుంది. అలాంటప్పుడు వాటిని అణిచేయడమే మేలని, నాన్న ఎంచుకున్న మాత్ర తప్పయినా ఆలోచన తప్పు కాదని, ఈ సాయంత్రం వరకూ అనుకున్నాను.

ఇప్పుడు అంత ధీమాగా అనలేను. గుండె వైఫల్యంలో వాపును రేపే టీఎన్ఎఫ్ అనే ప్రోటీన్ పెరుగుతుందని దాన్ని అడ్డుకునే ఎటనర్‌సెప్ట్ అనే మందు ఇచ్చి చూస్తే మేలు కనబడక 2001లో ఆ పరీక్షలను ఆపేశారు; అలాంటిదే మరో మందు ఇన్‌ఫ్లిక్సిమాబ్ పెద్ద మోతాదులో కీడే చేసింది. పైగా గుండెలో మొదటినుంచీ కాపురముండే మాక్రోఫేజ్‌లు వేరే ఉన్నాయి. గుండె పైగదుల నుంచి కిందిగదులకు సంకేతం దాటే ఏవీ నోడ్‌లో అవి విద్యుత్ సంకేతాన్ని దాటించడానికి సాయపడతాయని 2017లో తేలింది, వాటిని తీసేసిన ఎలుకల్లో ఆ సంకేతమే ఆగింది. ఏ కణాన్ని పంపాలి, దేన్ని ఉంచాలి అన్నది షాపు కుర్రవాడికే కాదు, నాకూ తేలే లెక్క కాదు.

నోటుపుస్తకంలో సోమవారం నాన్న బరువు 64 కిలోలు, ఈరోజు 65.8. పొద్దున్నే డాక్టరుగారికి ఫోను చేయాలి. అట్ట ఏమైందని నాన్న ఇంతవరకూ అడగలేదు.