గాలికొండ దారిలో ఖాళీ కాగితం

కార్తీక మాసంలో కిరండూల్ ప్యాసింజర్ ఎలా ఉంటుందో విశాఖ వాళ్లకు చెప్పనక్కరలేదు. వనభోజనాల గిన్నెలు, చాపలు, చంటిపిల్లలు, వాటి మధ్య మా సర్వే సామాను. కెమెరాల బ్యాటరీలున్న పెట్టెను బొర్రా దాకా ఒళ్లోంచి దించలేదు. స్టేషను బయట జీపు అతను అనంతగిరికి మామూలు రోజుల కంటే రెట్టింపు అడిగాడు. సీజను అన్నాడు. ఎంత బతిమాలినా పైసా తగ్గలేదు. ఆ కోపం కొండ ఎక్కేదాకా నన్ను వదల్లేదు.

గాలికొండ చుట్టూ అడవి, కాఫీ తోటలు ఒకదానిలోకి ఒకటి కలిసిపోయి ఉంటాయి. అక్కడ జంతువుల జాడలు నమోదు చేయడానికి అటవీశాఖ అనుమతితో వచ్చాం. ఎవరు ఏ దారిన వెళ్లాలి, ఎప్పటికి తిరిగి రావాలి, కాగితాలు ఎవరికివ్వాలి అన్నవి చూసుకోవడం నా పని. రోడ్డు మలుపు దాటితే ఫోను పనిచేయదు. అందుకే ఇద్దరిద్దరుగా పంపి, పది గంటలకల్లా టీ కొట్టు దగ్గర అందరూ కనిపించాలని షరతు పెట్టాను. రానివాళ్ల కోసం మరో జంట వెళ్లాలి.

ఆఖరి జంట ఆలస్యంగా వచ్చి కాగితం చేతికిచ్చింది. దాని మీద తేదీ కూడా లేదు. "ఏమీ కనబడలేదు సార్, అందుకే రాయలేదు" అన్నారు. నాకు చాలా కోపం వచ్చింది. ఏమీ కనబడకపోయినా బయలుదేరిన సమయం, నడిచిన దూరం, మంచు ఎంత ఉంది అన్నవి రాయాల్సిందే. లేకపోతే అక్కడ జంతువు లేదో, అసలు అటు ఎవరూ నడవలేదో తర్వాత లెక్క వేసేవారికి తెలిసేదెలా? ఇదే కొండ మీద రాళ్ల కింద బతికే ఒక చిన్న బల్లి ఉంది. మద్రాసు అటవీశాఖలో పనిచేసిన బెడోమ్ 1878లో జయపురం కొండల నుంచి దాన్ని వర్ణించాడు. ఆ తర్వాత 130 ఏళ్లకు పైగా ఎవరి కంటా పడలేదు. చివరికి ఒడిశాలోని దేవమాలి మీద, ఇక్కడ గాలికొండ మీద మళ్లీ దొరికింది. అన్నేళ్లూ అది ఇక్కడే ఉంది. రాయి ఎత్తి చూసి, మళ్లీ ఉన్నచోటే ఉన్నట్టుగా పెట్టే ఓపిక ఉన్నవాళ్లే రాలేదు.

మర్నాడు ఆ దారిన నేనే వెళ్లాను. కాఫీ పళ్లు ఎర్రబడ్డాయి, కోతలు సాగుతున్నాయి. సిల్వర్ ఓక్ చెట్టుకు అల్లుకున్న మిరియాల తీగ కింద ఒక పెద్దావిడ బుట్ట దించి, "ఏం వెతుకుతున్నారు బాబూ?" అని అడిగింది. చెప్పాను. ఆవిడ నాలుగడుగులు వేసి దారి పక్క బండ చూపించింది. దాని మీద పునుగుపిల్లి పెంట. అందులో కాఫీ గింజలు అరగకుండా, గింజకు గింజ అతుక్కుని వేరుశనగ అచ్చులా ఉన్నాయి. పక్కనే మరొకటి, పాతది, వానకు కరిగి గింజలు మాత్రమే మిగిలాయి.

"నిన్న మీ పిల్లలు దీన్ని దాటుకునే పోయారు. మాట్లాడుకుంటూ పోయారు" అంది.

స్కేలు పక్కన పెట్టి ఫోటో తీసి, సమయం రాశాను. ఆవిడ చాలాసేపు నా కాగితం వైపే చూసింది. "ఇవన్నీ రాస్తే మమ్మల్ని తోటల్లోకి రానివ్వరా?" అని అడిగింది. విశాఖ పక్కనే ఉన్న కంబాలకొండ అడవిలో నడిచేటప్పుడు నన్నెవరూ ఇలా అడగలేదు. అక్కడికి నగరం నుంచి పొద్దున్నే వెళ్లి టిఫిన్ వేళకు తిరిగొచ్చేస్తాం. మా కాగితం జంతువుల జాడల కోసమేననీ, తోటల హక్కుల మీద మాకు ఏ అధికారమూ లేదనీ చెప్పాను. నమ్మిందో లేదో తెలియదు. బుట్ట ఎత్తుకుంటూ పై వాగు దగ్గర ముళ్లపంది ముళ్లు రాలి ఉంటాయని మాత్రం చెప్పింది. వెళ్లి చూశాను, ఉన్నాయి.

మా బడ్జెట్‌లో బ్యాటరీలకు, జీపులకు, భోజనాలకు పద్దులున్నాయి. దారి తెలిసిన మనిషికి కూలి ఇచ్చే పద్దు లేదు. ఆ రాత్రే వచ్చే విడత అంచనాలో ప్రతి జంటకూ ఊరి మనిషి ఒకరు, కాఫీ కోతకు ఇచ్చే దానికి తగ్గకుండా రోజు కూలి అని రాసి పైకి పంపాను. డబ్బు చాలదంటే జీపులు తగ్గించమని కింద చేర్చాను.