మాత్ర మింగేవరకు

వానాకాలంలో పట్టిన దగ్గు క్రిస్మస్ దాటినా వదలకపోవడం, సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడటం, జాకెట్లన్నీ వదులైపోవడం చూసి మావారు నన్ను చెన్నైలో మా పెరంబూరులోని ఆరోగ్య కేంద్రానికి తీసుకువెళ్లారు. కఫం పరీక్షలో క్షయ అని తేలింది. శానిటోరియంలో, అంటే క్షయ రోగులను నెలల తరబడి ఉంచే ఆసుపత్రిలో, చేరాలా అని అడిగితే డాక్టరమ్మ నవ్వి, ఆ ప్రశ్నకు జవాబు దొరికింది ఈ ఊళ్లోనే కదా అన్నారు. 1956లో మద్రాసులో మొదలుపెట్టిన పరిశోధనలో, ఇంట్లోనే ఉండి మందులు వాడినవారికి కూడా శానిటోరియంలో ఉన్నవారికి దాదాపు సమానంగా నయమైందనీ, ఇంట్లోవాళ్లకు అందువల్ల అదనపు ముప్పేమీ రాలేదనీ తేలిందట. ఆరు నెలలు మానకుండా మందులు వేసుకోవాలి, అంతే.

అంతకంటే కష్టమైన పని మరొకటి ఉంది. మా తెలుగు క్రైస్తవ సంఘంలో ఆదివారం బడి పిల్లలకు పాఠాలు చెప్పేది నేనే. ఏసీ కోసం కిటికీలన్నీ మూసిన చిన్న గదిలో, వాళ్లతో కలిసి గొంతెత్తి పాటలు పాడేదాన్ని. క్షయ గాలి ద్వారా సోకే జబ్బు గనుక, దగ్గరగా మెలిగినవారి పేర్లు చెప్పమని ఆరోగ్య కార్యకర్త అడిగింది. “నిన్నువలె నీ పొరుగువాని ప్రేమింపవలెను” అని ఆ పిల్లల చేత వల్లె వేయించిన నేను, ఒక్కొక్క తల్లికీ ఫోను చేసి, మీ బిడ్డను పరీక్ష చేయించండి అని చెప్పాను. రోగి చూపగల ప్రేమ అదేనని నాకు అప్పుడు అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది: దాచకుండా చెప్పడం, మాస్కు తీయకపోవడం, మందు మధ్యలో మానేసి మందులకు లొంగని మొండి క్షయను నలుగురికీ అంటించకపోవడం. ఒకావిడ మాటా మంతీ లేకుండా ఫోను పెట్టేసింది. పిల్లలెవరికీ జబ్బు లేదని తేలినా ఆ కుటుంబం ఇప్పటికీ మాతో ముభావంగానే ఉంటుంది, దానికి నేను వాళ్లను తప్పుపట్టను.

మొదటి వారంలో ప్రార్థన చేయడానికి చాలామంది వచ్చి, గుమ్మం బయటే నిలబడి వెళ్లారు. రెండో నెలకల్లా ఎవరూ లేరు. నిలిచింది మా సంఘంలోని ఒక పెద్దావిడ, భర్త పోయాక వచ్చే పింఛనుతో బతికే మనిషి. మాత్రలు దగ్గరుండి మింగించే బాధ్యతకు ఆరోగ్య కేంద్రంలో తన పేరు తనే రాయించుకుంది. పొద్దున్నే ఉడికించిన గుడ్లు స్టీలు డబ్బాలో పెట్టుకుని వచ్చేది. ఆ మాత్రలకు మూత్రం నారింజరంగుకు తిరిగేది, కడుపులో తిప్పేది, అన్నం వాసనే పడేది కాదు. ఒకరోజు, ఈ పూటకు ప్రార్థన చేసి వెళ్లిపోండమ్మా, తర్వాత వేసుకుంటాను అని బతిమాలాను. “ప్రార్థనకేం తొందర, దేవుడు ఎక్కడికీ పోడు. ముందు మాత్ర మింగు” అని గ్లాసు నా చేతిలో పెట్టి, నోరు తెరిపించి చూసిగానీ కదల్లేదు.

దొంగలు కొట్టి పడేసిన బాటసారిని ఆదుకున్న మంచి సమరయుని కథ బైబిల్లో ఉంది. అందులో గాయాలకు నూనె, ద్రాక్షారసం పోయడం అందరికీ గుర్తుంటుంది. మరునాడు అతడు పూటకూళ్లవాడికి రెండు దేనారాలు, అంటే కూలివాడి రెండు రోజుల కూలి, ఇచ్చి, ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చినప్పుడు తీరుస్తానన్న మాట మాత్రం బోధకులు ఎందుకో త్వరగా దాటేస్తారు. ఆ ప్రేమలో లెక్క ఉంది, మళ్లీ వస్తానన్న మాట ఉంది.

చివరి పరీక్షలో క్రిములు లేవని తేలాక, మావారు గుడ్ల ఖర్చు లెక్కగట్టి, మొహమాటపడుతూనే ఆవిడ ఇంటికి వెళ్లి డబ్బు ఇవ్వబోయారు. వద్దంటుందనుకున్నాం. ఆవిడ అద్దాలు పెట్టుకుని నోట్లు లెక్కపెట్టి, ఎక్కువైన మొత్తం వెనక్కి ఇచ్చి, మిగతాది పర్సులో పెట్టుకుంది. “తీసుకోకపోతే రేపు మీకు అవసరమొస్తే నన్ను అడగడానికి సిగ్గుపడతారు బాబూ” అందట.