పిల్లి గంట కథ: ఆరు వారాల లెక్క

తెలుగు కొత్తగా నేర్చుకుంటున్న ఎనిమిది మంది పిల్లలు, నాలుగు నుంచి ఆరేళ్ల లోపువాళ్లు. వారానికోసారి 25 నిమిషాలు కథ. ఏ వారం ఏం చేశానో మర్చిపోకుండా రాసుకుంటున్నాను.

మొదటి వారం. ఘోరం. బొమ్మల పుస్తకం పట్టుకుని ఒక్కో వాక్యం తెలుగులో చదివి, వెంటనే వాళ్ల భాషలో చెప్పాను. మూడో పేజీకల్లా సంగతి అర్థమైంది: తెలుగు వచ్చినప్పుడు దిక్కులు చూస్తున్నారు, అనువాదం రాగానే చెవులు రిక్కిస్తున్నారు. తప్పు నాదే. పైగా కిటికీకి వీపు పెట్టి కూర్చున్నాను. వెలుతురంతా వెనక నుంచి వచ్చేసరికి నా మొహం నల్లగా కనిపించి ఉంటుంది, ఇక పెదాల కదలిక వాళ్లకేం తెలుస్తుంది?

రెండో వారం. పుస్తకం పక్కన పెట్టి, పాత మేజోడుతో పిల్లి బొమ్మ కుట్టాను. కథ నేనే అల్లాను. పిల్లి గంట పోయింది. పెట్టె లోపల, మంచం కింద, తలుపు వెనక వెతుకుతుంది. ప్రతిచోటా అదే ప్రశ్న: ‘గంట ఉందా?’ పిల్లలంతా: ‘లేదు, లేదు!’ చివరికి చూస్తే గంట దాని తోకకే ఉంటుంది. వాక్యానికి మూడు నాలుగు మాటలకు మించనివ్వలేదు. పాత్రలన్నీ జంతువులే కావడం కలిసొచ్చింది. పిల్లి వచ్చింది, కుక్క వచ్చింది, కాకి వచ్చింది. ‘వచ్చాడు’ గొడవే లేదు.

ఒక్కటే చిక్కు. బొమ్మను సంచిలోంచి తీస్తుండగానే తోకకున్న గంట గణగణమంది. రహస్యం అక్కడే హుష్‌కాకి. మర్నాడే గంటలో దూది కూరాను.

మూడు, నాలుగు వారాలు. అదే కథ మళ్లీ. నాకు విసుగొచ్చింది గానీ వాళ్లకు రాలేదు. ఈసారి అందరినీ లేపాను. ‘మెల్లగా’ అంటే పిల్లి అడుగులు, ‘గబగబా’ అంటే పరుగు, ‘టక్కున’ అంటే ఆగిపోవడం. ముందు ఒళ్లు కదిలించి అర్థం చేసుకోవడం, మాట తర్వాత రావడం అనే ఈ పద్ధతిని 1960లలో జేమ్స్ ఆషర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ప్రచారంలోకి తెచ్చాడు. ఎగరడం, గెంతడం కథ మధ్యలో పెడితే మళ్లీ కూర్చోబెట్టడానికి రెండు నిమిషాలు పట్టింది. అందుకే చివర్లో ‘పిల్లి పడుకుంది’ అని కలిపాను. అందరూ ధబ్బున పడుకుంటున్నారు.

ఐదో వారం. ‘అర్థమైందా?’ అని అడగడం మానేశాను. అడిగితే ఎనిమిది తలలూ ఊగుతాయి, అంతే. దాని బదులు ‘పెట్టె లోపలా? మంచం కిందా?’ అంటున్నాను. మాట రానివాళ్లు వేలితో చూపించినా చాలు. ఒకడు ‘పిలి’ అంటాడు. దిద్దను. ‘అవును, పిల్లి!’ అని ఒత్తి పలికి ముందుకు పోతాను.

ఆరో వారం. ఒక పాప ఇన్నాళ్లూ ఒక్క మాటా మాట్లాడలేదు. అన్నిటికీ గెంతుతుంది, పడుకుంటుంది, నోరు మాత్రం విప్పదు. కొత్త భాషలో చాలామంది పిల్లలు కొన్నాళ్లు ఇలా వింటూ ఉండిపోతారు గనక నేనూ ఒత్తిడి పెట్టలేదు. ఆ రోజు దూది పెట్టడం మర్చిపోయాను. పిల్లి తలుపు దగ్గరికి పరిగెత్తగానే గంట మోగింది. పిల్లి మామూలుగానే ‘గంట ఉందా?’ అంది. ఏడుగురూ అలవాటుగా ‘లేదు!’ అన్నారు. ఆ పాప లేచి వచ్చి తోక పట్టుకుని, నా మొహంలోకి కోపంగా చూస్తూ ‘ఉంది!’ అంది.

ఇక దూది పెట్టను. వచ్చే వారం నుంచి పిల్లికి గంట వినపడదు, పిల్లలకు వినపడుతుంది. ఆ తర్వాత కథలోకి ఒక తాతను తేవాలి, ‘వచ్చాడు’ కోసం.